7 సూచికలు, 16 రైట్ స్ట్రీమ్‌లు: పర్లాకిమిడి నుంచి ప్రాజెక్టు డైరీ

సవర, తెలుగు, ఒడియా మాటలు పక్కపక్కన పెట్టి ఒక పుస్తకం తయారు చేస్తున్నాం. కొండ పంటలు, దుంపలు, ఆకుకూరలు, మందు మొక్కలు, పోడు పనిముట్లు అన్నీ ఇందులో ఉంటాయి. ఒక్కో దానికి మూడు భాషల్లో పేరు, వాడకం, ఫొటో ఇస్తున్నాం. మాటలు సేకరించింది మా తెలుగు మాస్టారు. రిటైరయ్యాక గజపతి, రాయగడ జిల్లాల్లోని సవర ఊళ్లు తిరిగి నోటుపుస్తకాల నిండా రాసుకొచ్చారు. సవర మాటలు సరిచూస్తున్నది గుణుపురంలో డిగ్రీ చదువుతున్న సవర కుర్రాడు. పేజీలు కట్టే పని నాది. అచ్చు మాత్రం సరిహద్దుకు అవతల, ఆంధ్రలోని పాతపట్నంలో, మా బావ ప్రెస్సులో.

ఈ ఊరికీ సవర భాషకీ ఉన్న సంబంధం ఇక్కడ చదువుకున్న వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో పాఠాలు చెబుతూ సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు బళ్లు పెట్టారు, 1931లో సవర భాషకు మాన్యువల్ అచ్చు వేయించారు. 1936లో పర్లాకిమిడి కొత్తగా ఏర్పడిన ఒడిశా రాష్ట్రంలోకి వెళ్లింది. అదే ఏడు మంగేయి గొమాంగో సవరకు సొరంగ్ సోంపెంగ్ అనే సొంత లిపి తయారు చేశారు. ఆ లిపి 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. కాబట్టి ఇప్పుడు సవర మాటను సవర లిపిలోనే కంప్యూటర్‌లో పేజీకి ఎక్కించవచ్చు. ఈ పని మీద నాకు ఇంత పట్టుదల ఉండటానికి కారణం అదే. చెట్టు పేరు తెలిసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల మనవలు బడికి వెళ్తున్నారు. ఈ రెండు తరాలూ ఉండగానే పుస్తకం బయటికి రావాలి.

బావ ప్రెస్సులో పని అంతా పేజ్‌మేకర్, అను ఫాంట్లతో నడుస్తుంది. పెళ్లి కార్డులకు, బిల్లు బుక్కులకు అది చాలు. అను ఫాంట్లు యూనికోడ్ కావు, వాటితో మూడు లిపుల పుస్తకం కుదరదు. అందుకని జీలాటెక్ ఎంచుకున్నాను. టెక్ అనేది పేజీలు కట్టే ప్రోగ్రామ్: రాతను కమాండ్లతో కలిపి మామూలు ఫైల్లో రాసి నడిపితే (దీన్నే కంపైల్ అంటారు) పీడీఎఫ్ వస్తుంది. లాటెక్ దాని మీద కట్టిన కమాండ్ల సెట్టు, దాన్ని జీటెక్ అనే రకం టెక్‌తో నడిపితే జీలాటెక్. జొనాథన్ క్యూ తయారు చేసిన జీటెక్ కంప్యూటర్‌లో ఉన్న ఏ యూనికోడ్ ఫాంట్‌నైనా నేరుగా తీసుకుంటుంది. తెలుగుకు మండలి, తలమాటలకు (ఒక్కో అంశం మొదట వచ్చే పేరుకు) గిడుగు, ఒడియాకు నోటో సాన్స్ ఒరియా, సవరకు నోటో సాన్స్ సోరా సోంపెంగ్ పెట్టాను. టెంప్లేట్ నేను రాసింది కాదు, వేరే నిఘంటువు కోసం ఎవరో రాసుకున్నది చేతులు మారి నా దగ్గరకు వచ్చింది. దాన్ని ఆధారం చేసుకునే మొదలుపెట్టాం.

ఫాంట్ల సంగతి వేరుగా రాస్తాను. ఈ డైరీ ‘చోటు లేదు’ అంటూ వచ్చిన ఎర్రర్ల గురించి.

సోమవారం

అధ్యాయాలన్నీ విడివిడిగా బాగానే కంపైల్ అవుతున్నాయి. ఈరోజు అన్నీ కలిపి, ముందు పేజీలు, వెనక సూచికలతో సహా మొదటిసారి పూర్తి పుస్తకం నడిపాను. ముందు పేజీల్లోనే ఆగిపోయింది. ఎర్రర్: ‘నో రూమ్ ఫర్ ఎ న్యూ రైట్’. చూపించిన లైను పట్టికల జాబితా వేయమని చెప్పే లిస్ట్ ఆఫ్ టేబుల్స్ కమాండ్. ఆ లైను తీసేస్తే పుస్తకం చివరిదాకా నడుస్తోంది. పుస్తకంలో ఉన్న పట్టికలేమో చాలా తక్కువ. జాబితా అర పేజీ కూడా రాదు.

మాస్టారు పక్కనే కూర్చుని చూస్తున్నారు. “ఆ జాబితా తీసెయ్ బాబూ, పట్టికలు ఎన్నున్నాయని?” అన్నారు. తీసేస్తే ఈరోజుకు పని జరుగుతుంది. కానీ రేపు ఇంకో జాబితా కావాలంటే మళ్లీ ఇదే గొడవ. అసలు చోటు ఎవరు తినేశారో తేలాలి.

ఈ ఎర్రర్ వెనకాల లెక్క చిన్నదే. నడుస్తూ నడుస్తూ పక్క ఫైల్లోకి ఏదైనా రాయాలంటే టెక్‌కు ఒక రైట్ స్ట్రీమ్ కావాలి. విషయసూచిక ఒక ఫైలు, చిత్రాల జాబితా ఒక ఫైలు, ప్రతి పదసూచికకూ ఒక ఫైలు. ఏ మాట ఏ పేజీలో పడిందో పేజీ తయారయ్యాకే తెలుస్తుంది కాబట్టి ఈ ఫైళ్లు చివరిదాకా తెరిచే ఉండాలి. ఇలాంటి స్ట్రీమ్‌లు 0 నుంచి 15 వరకు, మొత్తం 16. డొనాల్డ్ నూత్ 1982లో తిరగరాసిన టెక్‌లో పెట్టిన లెక్క ఇది. తర్వాత వచ్చిన ఈ-టెక్ కౌంటర్లు, కొలతలు, బాక్సుల రిజిస్టర్లను 256 నుంచి 32768కి పెంచింది. రైట్ స్ట్రీమ్‌లను ముట్టుకోలేదు. 2015 నుంచి లాటెక్ ఆ పెరిగిన రిజిస్టర్లను మామూలుగానే వాడుకుంటోంది. ‘నో రూమ్ ఫర్ ఎ న్యూ డైమెన్’ లాంటివి ఈమధ్య కనబడటం తగ్గింది అందుకే. రైట్ ఎర్రర్ మాత్రం జీటెక్‌లో ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒకసారి న్యూరైట్ అనే కమాండ్‌తో అడిగి తీసుకున్న స్ట్రీమ్ నంబరు తిరిగి రాదు. ఫైలు మూసేసినా సరే, ఆ నంబరు ఆ పేరు మీదే ఉండిపోతుంది.

మొదటి అనుమానం అధ్యాయాల మీదికి పోయింది. ఇన్క్లూడ్ చేసిన ప్రతి అధ్యాయానికీ ఒక ఆక్స్ ఫైలు (లాటెక్ తన లెక్కలు రాసుకునే పక్క ఫైలు) పుడుతుంది కదా, అధ్యాయాలు ఎక్కువై స్ట్రీమ్‌లు అయిపోయాయేమో అనిపిస్తుంది. అలా జరగదు. ఎన్ని అధ్యాయాలున్నా వాటన్నిటికీ కలిపి ఒక్క స్ట్రీమే వంతులవారీగా వాడుకుంటుంది లాటెక్. అధ్యాయాలు విడగొట్టుకోవడానికి ఎవరూ జంకక్కర్లేదు.

సోమవారం రాత్రి

లాగ్ ఫైలు, అంటే నడిచేటప్పుడు జరిగినదంతా టెక్ రాసిపెట్టే ఫైలు, తెరిచాను. జనం దీన్ని తెరవడానికి బద్ధకిస్తారు గానీ, ఎవరు ఏ నంబరు తీసుకున్నారో అంతా ఇందులోనే ఉంటుంది. ఎవరు న్యూరైట్ అడిగినా పేరు, పక్కన ఈక్వల్స్, దాని తర్వాత ‘రైట్’ అనే మాట, నంబరు ఒక లైనుగా పడతాయి. టెర్మినల్‌లో గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో ‘రైట్’ ఉన్న లైన్లు మాత్రం పైకి తీశాను.

తీసేముందు ఒక పని చేయాలి. టెక్ తన లాగ్‌లో లైనును 79 అక్షరాల దగ్గర విరిచేస్తుంది. ఫైలు పేర్లు పొడుగ్గా ఉంటే వెతికే మాట రెండు ముక్కలై గ్రెప్‌కు దొరకదు. మ్యాక్స్ ప్రింట్ లైన్ అనే సెట్టింగ్‌ను 1000కి పెంచి మళ్లీ నడిపితే లైన్లన్నీ విరగకుండా వస్తాయి.

వచ్చిన లెక్క ఇది. 0, 1, 2 లాటెక్ సొంతానికి: మొదటిది ఖాళీగా ఉంచుకునేది, రెండోది ప్రధాన ఆక్స్, మూడోది అధ్యాయాల ఆక్స్. 3 ఎండ్‌నోట్స్ ప్యాకేజీకి (ప్యాకేజీ అంటే లాటెక్‌కు అదనపు పని నేర్పే ఫైలు, ఇది చివర వచ్చే నోట్సు కోసం). 4 నుంచి 10 వరకు మన పదసూచికలు ఏడూ వరసగా: తెలుగు, ఒడియా, సవర, శాస్త్రీయ నామాలు, ఊళ్ల పేర్లు, మాట చెప్పినవాళ్లు, వాడకాలు. 11, 12 టెంప్లేట్‌వి. ఒకటి ఫొటో తీసినవాళ్ల జాబితాకు, ఇంకోటి ‘ఇంకా సరిచూడాల్సినవి’ అనే చిట్టాకు. 13 హైపర్‌రెఫ్ ప్యాకేజీది, పీడీఎఫ్‌లో పక్కన కనబడే బుక్‌మార్కుల కోసం. 14 విషయసూచికకు. 15 చిత్రాల జాబితాకు. ఆ తర్వాత వచ్చింది పట్టికల జాబితా, దానికి మిగల్లేదు.

ప్యాకేజీలు, సూచికలు తెరిచే మేక్‌ఇండెక్స్ కమాండ్లు డాక్యుమెంట్ మొదలవకముందే నంబర్లు పట్టేసుకుంటాయి. విషయసూచిక, జాబితాలు మాత్రం ఆ కమాండ్ నడిచినప్పుడే అడుగుతాయి, కాబట్టి ఎప్పుడూ చివర నిలబడతాయి. పెళ్లి భోజనాల్లో 16 విస్తళ్లే వేసిన బంతికి పదిహేడో మనిషి వచ్చి నిలబడితే అందరి కళ్లూ అతని మీదే పడతాయి. ఏడు విస్తళ్లు ఒకే ఇంటివాళ్లవని ఎవరూ చూడరు. టెక్ చూపించే లైను నంబరు కూడా అంతే, చివర అడిగినవాడిదే తప్ప ఎక్కువ తీసుకున్నవాడిది కాదు. ఈ రకం ఎర్రర్ ఏది వచ్చినా ముందు ఈ మాట గుర్తు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మాస్టారికి ఈ వరస చూపించాను. కాసేపు చూసి, “అయితే దోషం సూచికలది, పాపం పట్టికలదా!” అన్నారు.

మంగళవారం

దారులు మూడు కనిపించాయి. మూడూ చేసి చూశాను.

మొదటిది లువాలాటెక్‌కు, అంటే లాటెక్‌నే లువాటెక్ అనే ఇంకో రకం టెక్‌తో నడపడానికి, మారడం. అందులో రైట్ స్ట్రీమ్‌లు 128 దాకా ఇస్తారు. 18వ నంబరును మాత్రం దాటేస్తారు, దానికి బయటి ప్రోగ్రామ్‌లను పిలిచే పని ఎప్పటినుంచో ఉంది కాబట్టి. మన ఫైలు పట్టికల జాబితాతో సహా సాఫీగా నడిచింది. కాకపోతే లువాలాటెక్‌లో తెలుగు, ఒడియా వత్తులు సరిగా కూర్చోవాలంటే ప్రతి ఫాంట్‌కూ రెండరర్ హార్ఫ్‌బజ్ అని చెప్పాలి. చెప్పాక అక్షరాలు బాగానే వచ్చాయి. కానీ లైన్లు అక్కడక్కడ వేరేచోట విరిగాయి, పేజీలు జరిగాయి. నా లాప్‌టాప్‌లో కంపైల్‌కు పట్టే టైమ్ కూడా బాగా పెరిగింది. మాస్టారు పేజీ నంబర్ల ప్రకారం ప్రూఫులు దిద్దేశారు. ఇప్పుడు పేజీలు జరిగితే ఆయన శ్రమంతా మొదటికొస్తుంది. అందుకని వద్దనుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకైతే లువాలాటెక్‌తోనే మొదలుపెట్టమంటాను.

రెండోది మోర్‌రైట్స్ ప్యాకేజీ. బ్రూనో లె ఫ్లాక్ రాశారు. రాయాల్సిన విషయాన్ని ముందు మెమరీలో దాచుకుని, ఉన్న కొద్ది స్ట్రీమ్‌లతోనే ఎన్ని ఫైళ్లకైనా సర్దుతుంది. ఒక్క లైను కలిపితే చాలు, ఎర్రర్ పోతుంది. అర్జెంటుగా పీడీఎఫ్ కావాల్సినవాళ్లకు ఇంతకంటే సులువు లేదు. అయితే లాటెక్ లోపలి ముఖ్యమైన కమాండ్లను ఇది మార్చి పెడుతుంది. ఎండ్‌నోట్స్, హైపర్‌రెఫ్, పాత టెంప్లేట్ అన్నీ ఉన్న ఫైల్లో ఇలాంటిదాన్ని చివరి మార్గంగానే ఉంచుకోవాలి అనిపించింది.

మూడోది ఏడు స్ట్రీమ్‌లు తిన్నచోటే తగ్గించడం. సూచికలు చేస్తున్నది ఇమేక్‌ఐడీఎక్స్ ప్యాకేజీ. దానికి స్ప్లిట్‌ఇండెక్స్ అనే ఆప్షన్ ఉంది. అది పెడితే ఏడు సూచికల మాటలూ ఒకే ఫైల్లోకి, ఏ సూచికదో గుర్తుతో సహా పోతాయి. తర్వాత స్ప్లిట్‌ఇండెక్స్ అనే చిన్న పెర్ల్ ప్రోగ్రామ్ ఆ ఫైలును ఏడుగా విడదీసి ఒక్కోదాన్నీ వరస కట్టిస్తుంది. స్ట్రీమ్‌లు ఏడు పోయి ఒకటయింది. ఆ ప్రోగ్రామ్ తనంతట తాను నడవాలంటే షెల్ ఎస్కేప్‌కు, అంటే టెక్ బయటి ప్రోగ్రామ్‌లను పిలవడానికి, అనుమతి ఇవ్వాలి. అలా ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. బయటినుంచి వచ్చిన ఫైలైతే అసలే ఇవ్వకూడదు. అందుకే కంపైల్ అయ్యాక టెర్మినల్‌లో విడిగా నడిపేలా చిన్న స్క్రిప్టు రాసుకున్నాను.

మళ్లీ లాగ్ తీసి చూస్తే మొత్తం 11 వాడకంలో ఉన్నాయి, 5 మిగిలాయి. పట్టికల జాబితా తన చోట తాను వచ్చింది. పేజీ ఒక్కటి కూడా జరగలేదు.

ఇదే అసలు మందు అని తేల్చుకున్నాను. మిగతా రెండిటిలో బంతి పొడుగవుతుంది. ఇందులో ఎక్కువ తింటున్నది ఎవరో చూసి తగ్గించాం.

గురువారం

రెండో ఎర్రర్. మొక్కల అధ్యాయంలో ‘టూ మెనీ అన్‌ప్రాసెస్డ్ ఫ్లోట్స్’. మళ్లీ చోటు చాలకపోవడమే, చోటు రకం మాత్రం వేరు.

ఫొటోలను లాటెక్ రాసినచోటే అతికించదు. పేజీలో ఎక్కడ కుదురుతుందో చూసి పెడుతుంది. ఇలా జరిగేవాటినే ఫ్లోట్లు అంటారు. కుదిరేదాకా ఒక బాక్సులో దాచి క్యూలో నిలబెడుతుంది. ఈ బాక్సులు పాత లాటెక్‌లో 18. 2015 తర్వాత 52. అవి చాలకపోతే ఎక్స్‌ట్రాఫ్లోట్స్ అనే కమాండ్‌తో పెంచుకోవచ్చు. నెట్‌లో ఎవరిని అడిగినా మొదట చెప్పే మందు అదే. 100 అని పెట్టి చూశాను. ఎర్రర్ పోయింది. పీడీఎఫ్ తెరిస్తే అధ్యాయం సగం దాకా ఒక్క ఫొటో లేదు. చివర్లో ఫొటోలన్నీ గుంపుగా, పేజీల తరబడి. అడ్డాకుల గురించి రాసిన పేజీకీ అడ్డాకుల ఫొటోకీ మధ్య చాలా పేజీల దూరం. బడిపిల్లలు చూసే పుస్తకంలో మాట ఒకచోట, బొమ్మ ఒకచోట ఉంటే ఆ బొమ్మ ఎందుకు? కమాండ్ తీసేశాను.

ఫ్లోట్ల క్యూకు ఒక నియమం ఉంది. ఒకే రకం ఫ్లోట్లు వరస తప్పకూడదు. ముందున్నది కదిలితేనే వెనకది కదులుతుంది. అంటే ఎక్కడో ఒక ఫొటో ఇరుక్కుపోయి, వెనకున్నవన్నీ ఆగిపోయి ఉండాలి. అధ్యాయంలో ఫొటోలు కనిపించడం ఎక్కడ ఆగిందో చూసుకుంటూ వెళ్తే దొరికింది. అది జీలుగు చెట్టు.

జీలుగు చెట్టు ఫొటో నిలువుగా, నిండుగా ఉంది. తాటిచెట్టులా ఎత్తుగా పెరుగుతుంది, ఆకులేమో చేప తోకల్లా ఉంటాయి. దీనికి కట్టే కల్లు సవర ఊళ్లలో పండక్కీ పబ్బానికీ ఉండాల్సిందే. ఒడియాలో సలప అంటారు. మాస్టారు ఈ ఒక్క ఫొటో పెద్దదిగా ఉండాలని పట్టుబట్టారు, నాకూ అదే ఇష్టం. పేజీ ఎత్తులో 85 శాతం ఇచ్చాం.

ఇప్పుడు లాటెక్ లెక్క చూడండి. పేజీ పైభాగంలో ఫ్లోట్లకు 70 శాతం కంటే ఎక్కువ ఇవ్వదు. కింద 30 శాతం. ఏ మామూలు పేజీలోనైనా కనీసం 20 శాతం రాత ఉండి తీరాలి. 85 శాతం ఫొటోకు పైన చోటు లేదు, రాసినచోట పెడదామంటే 20 శాతం రాతకు చోటు మిగలదు. ఇలాంటి ఫొటోకు ఉన్న ఒకే దారి, ఫొటోలకే కేటాయించే విడి పేజీ. అలా పెట్టొచ్చని చెప్పడానికి ‘పి’ అనే అక్షరం ఇవ్వాలి. టెంప్లేట్‌లో అన్ని ఫొటోలకూ ‘హెచ్’, ‘టి’ మాత్రమే ఇచ్చి ఉన్నాయి. ‘ఇక్కడ, లేదా పైన’ అని అర్థం. ‘పి’ లేదు. కాబట్టి జీలుగు ఏ పేజీలోనూ పట్టక ఆగిపోయింది. దాని వెనక అడ్డాకులు, చింత, ఇప్ప, కరక్కాయ అన్నీ ఆగాయి. అధ్యాయం చివరికి వచ్చేలోపే 52 బాక్సులూ నిండిపోయాయి.

ఒక్క అక్షరం, ‘పి’, జీలుగు ఫొటోకు కలిపాను. విడి పేజీకి అది చక్కగా వెళ్లిపోయింది, వెనకున్న క్యూ మొత్తం కదిలింది. పెద్ద ఫొటోలు ఇంకా రావచ్చు గనుక టెంప్లేట్‌లోనే అన్నిటికీ ‘పి’ ఇచ్చాను. మొక్కల గుంపు మారిన ప్రతిచోటా ప్లేస్‌ఇన్స్ ప్యాకేజీలోని ఫ్లోట్‌బ్యారియర్ పెట్టాను. దాంతో దుంపల ఫొటో ఆకుకూరల్లోకి జరగదు.

ఇలాంటి సమస్య వచ్చినవాళ్లు ఎక్స్‌ట్రాఫ్లోట్స్ పెట్టే ముందు పీడీఎఫ్‌లో ఫొటోలు ఎక్కడ ఆగిపోయాయో చూడాలి. ఆగినచోట ఉన్న మొదటి ఫొటో ఎత్తు కొలవండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

శుక్రవారం

లాగ్ చూడటం అలవాటయ్యాక ఇంకోటి కంట్లో పడింది. ఎర్రర్ లేదు గానీ, తలమాట పడిన ప్రతిచోటా ‘ఫొటోబాక్స్ ఈక్వల్స్ బాక్స్’ అంటూ కొత్త నంబరు. ఒకే పేరు, నంబరు మాత్రం పెరుగుతూ పోతోంది. టెంప్లేట్‌లో తలమాట వేసే మాక్రో (మనమే పేరు పెట్టి తయారు చేసుకున్న కమాండ్) లోపల న్యూబాక్స్ కమాండ్ ఉంది. మాట పడినప్పుడల్లా కొత్త బాక్సు అడుగుతోంది, పాతది వదిలేస్తోంది. లాటెక్ వాళ్ల న్యూసేవ్‌బాక్స్ అయితే ఆ పేరు ముందే ఉందని రెండోసారే ఎర్రర్ ఇచ్చి ఆపేది. న్యూబాక్స్ అలా చూడదు, అడిగినప్పుడల్లా ఇస్తుంది.

32768 వరకు ఉన్నాయి కాబట్టి ఈ పుస్తకానికి ఇబ్బంది రాదు. అయినా వదలబుద్ధి కాలేదు. ఆ లైను మాక్రో లోపలి నుంచి తీసి డాక్యుమెంట్ ముందు భాగంలో ఒకసారి పెట్టాను. లాగ్ ఫైలు సన్నబడింది.

శనివారం

సవర కుర్రాడు గుణుపురం రైలు దిగి వచ్చాడు. సూచిక ప్రింటు తీసి ఇచ్చాను. సొంత లిపిలో వాళ్ల ఊరి పేరు ఉన్న లైను దగ్గర వేలు పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత పెన్ను తీసి రెండు చోట్ల దిద్దాడు. సరైనవే దిద్దాడు, మాస్టారు నోటుపుస్తకంలోనే అక్షరం తేడా ఉంది.

ఆదివారం

మ్యాపు. మాటలు సేకరించిన ఊళ్లన్నీ చూపించే గజపతి జిల్లా పటం ముందు పేజీల్లో పెట్టాలి. 1501 మీటర్ల మహేంద్రగిరి, మహేంద్రతనయ నది, ఊళ్లు. జిల్లా హద్దు, నది గీతలు పాయింట్ల జాబితాగా దొరికాయి. వాటిని టిక్‌జీ అనే బొమ్మలు గీసే ప్యాకేజీలో పెట్టి నడిపితే ‘టెక్ కెపాసిటీ ఎక్సీడెడ్, సారీ’ అని, బ్రాకెట్‌లో ‘మెయిన్ మెమరీ సైజ్ 5000000’ అని వచ్చి ఆగింది.

ఈ ఎర్రర్ వచ్చినప్పుడు చదవాల్సింది బ్రాకెట్‌లో ఉన్న పేరు. ‘ఇన్‌పుట్ స్టాక్ సైజ్’ అని ఉంటే దాదాపుగా ఏదో మాక్రో తనను తానే పిలుచుకుంటూ తిరుగుతోందని అర్థం. దానికి మెమరీ ఎంత పెంచినా లాభం లేదు, ఆగడం కాసేపు ఆలస్యమవుతుంది, అంతే. ‘మెయిన్ మెమరీ’ అని ఉంటే రెండు అవకాశాలు: ఆగని లూప్, లేదా నిజంగానే సరుకు ఎక్కువ. పాయింట్లలో పదో వంతు మాత్రమే ఉంచి నడిపాను. బాగా నడిచింది. కాబట్టి లూప్ కాదు, సరుకే.

పెంచుకోవాలంటే పెంచుకోవచ్చు. టెక్ సామగ్రి అంతా కలిపి ఇచ్చే టెక్‌లైవ్‌లో టెక్స్‌ఎంఎఫ్ డాట్ సీఎన్ఎఫ్ అనే సెట్టింగ్‌ల ఫైలు రెండు చోట్ల ఉంటుంది. టెక్స్‌ఎంఎఫ్-డిస్ట్ లోపల ఉన్నదాన్ని ముట్టుకోకూడదు, అప్‌డేట్ వస్తే పోతుంది. పైన, ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్‌లో ఉన్నదాంట్లో మెయిన్ మెమరీ విలువ రాసి, ఆ తర్వాత ఎఫ్ఎంటీయుటిల్-సిస్ నడిపి ఫార్మాట్లన్నీ మళ్లీ తయారు చేయించాలి. ఈ రెండో పని చేయకపోతే మార్పు పట్టదు. చాలామంది ఇక్కడే ‘మార్చినా పని చేయట్లేదు’ అని వదిలేస్తారు.

కానీ అలా పెంచితే ఈ పుస్తకం నా లాప్‌టాప్‌లోనే కంపైల్ అవుతుంది. రేపు ఇంకెవరైనా, ఆ కుర్రాడే కావచ్చు, రెండో ముద్రణకు మాటలు కలపాలనుకుంటే అతని కంప్యూటర్‌లోనూ ఇదంతా చేయాలి. మూల ఫైళ్లు ఏ మామూలు టెక్‌లైవ్‌లోనైనా నడవాలన్నది మాకు ముఖ్యం. అందుకే మ్యాపును పుస్తకం నుంచి వేరు చేశాను. స్టాండలోన్ క్లాసుతో విడి ఫైలుగా, లువాలాటెక్‌లో నడిపాను. అందులో మెమరీ అవసరాన్ని బట్టి పెరుగుతుంది. వచ్చిన ఒక పేజీ పీడీఎఫ్‌ను పుస్తకంలో మామూలు బొమ్మలా పెట్టాను. పుస్తకం కంపైల్ కూడా తేలికైంది, ప్రతిసారీ మ్యాపు గీయక్కర్లేదు కాబట్టి.

పాయింట్లు కూడా తగ్గించాను. మ్యాపు అచ్చులో 11 సెంటీమీటర్ల వెడల్పు. ఆ సైజులో నది ఒంపుల్లో చాలా పాయింట్లు గీత మందం కంటే దగ్గరగా పడుతున్నాయి, కంటికి ఆనవు. తీసేసి ముందుదీ తర్వాతదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా నాకు కనబడలేదు. మాస్టారు భూతద్దం పెట్టి మరీ చూశారు, ఆయనకూ కనబడలేదు.

బుధవారం

బావకు పీడీఎఫ్ పంపాను. పంపేముందు పీడీఎఫ్‌ఫాంట్స్ అనే కమాండ్‌తో ఫాంట్లన్నీ ఫైల్లోనే ఎంబెడ్ అయ్యాయో లేదో చూసుకున్నాను. ప్రెస్సు కంప్యూటర్‌లో సవర ఫాంట్ లేదు కాబట్టి ఇది తప్పనిసరి. సాయంత్రం ఫోన్ చేశాడు. “బావా, ఫైలు తెరుచుకుంది, అచ్చరాలన్నీ బాగానే ఉన్నాయి. ఏటైనా మార్పులుంటే ఇప్పుడే చెప్పీ. దసరా దాటితే కేలెండర్ల పని మీద పడిపోతాది, మరి మెషీను దొరకదు.”

మార్పు ఒకటి మిగిలే ఉంది. స్ప్లిట్‌ఇండెక్స్ విడదీసి ఇచ్చిన తెలుగు సూచిక యూనికోడ్ నంబర్ల వరసలో వస్తోంది. యూనికోడ్‌లో ‘ళ’ చోటు ‘ల’ పక్కనే, ‘వ’ కంటే ముందు. మన వర్ణమాలలో ‘ళ’ వచ్చేది ‘హ’ తర్వాత. దాంతో ‘కళ్ళం’ వచ్చి ‘కవ్వం’ కంటే ముందు కూర్చుంది. అలాంటి మాటలు ఇంకా ఉన్నాయి, తెలుగు తెలిసినవాడు సూచికలో వెతికితే దొరకవు. సూచిక ఫైలును వరస కట్టే ముందు ప్రతి మాటకూ మన అక్షరక్రమం ప్రకారం ఒక తాళంచెవి మాట తగిలించే స్క్రిప్టు రాస్తున్నాను. సూచికల వరస కట్టే మేక్‌ఇండెక్స్ ప్రోగ్రామ్ ఆ తాళంచెవిని బట్టి వరస కడుతుంది, అచ్చులో అసలు మాటే కనబడుతుంది. తెలుగు సూచికకు అది పని చేస్తోంది. ఒడియా వరస ఒడియా తెలిసినవాళ్లతో చూపించాలి, సవర వరస కుర్రాడు రాసి పంపుతానన్నాడు. ఆ రెండూ వచ్చాక ఏడు సూచికలూ మళ్లీ కట్టి, లాగ్‌లో స్ట్రీమ్‌ల లెక్క ఇంకోసారి చూసి, బావకు కొత్త ఫైలు పంపాలి.